వేసినంత సులభముగా తీయరాని పట్టీ



ఎవరి స్మృత్యర్థము ఏటేట ఈ యుపన్యాసము జరుగుచున్నదో ఆ డాక్టరమ్మగారు సభలలో తమ పేరు వినబడుటకు ఇష్టపడినవారు కారు. కావున వారి గుణకీర్తనమునకు పూనుకొనక, వారు జీవితాంతము తప్పక పాటించిన యొక్క యలవాటును మాత్రము జ్ఞప్తికి దెచ్చి విషయమునకు వత్తును. ఏ వ్యాధికై వచ్చిన స్త్రీనైనను, వెంట వచ్చిన భర్తను, అత్తగారిని, పిల్లలను మర్యాదగా వెలుపల కూర్చుండబెట్టి, తలుపు మూసి, "దగ్గినప్పుడు గాని తుమ్మినప్పుడు గాని బట్టలు తడుస్తున్నాయా అమ్మా?" అని వారడిగెడివారు. అడుగనిచో పెక్కుమంది చెప్పుకొనని బాధ యది. ఆ బాధకు చికిత్స చేయించుకొని, ఆ చికిత్సవలననే మరియొక బాధలో పడి, రెండవసారియు మూడవసారియు శస్త్రచికిత్సకు లోనైన స్త్రీలనుగూర్చి నేడు మాటలాడుట వారి స్మృతికి తగిన పనియే యని నమ్ముచున్నాను.

గర్భధారణము, ప్రసవము, వయస్సు, స్థూలకాయము, ఏండ్లతరబడి వదలని దగ్గు మొదలగు కారణములచేత కటితలమునందలి కండరములును, వానిని పట్టియుంచు బంధకణజాలమును సడలినప్పుడు, మూత్రమార్గమునకు క్రిందనుండవలసిన ఆధారము తగ్గిపోవును. నవ్వినను, తుమ్మినను, నీళ్లబిందె యెత్తినను ఉదరములో పీడనము పెరిగి, ఇచ్ఛతో నిమిత్తము లేకుండ మూత్రము జారును. ప్రాణాపాయము లేని వ్యాధియే. కాని పెండ్లికి పోవలె నన్నను, బస్సెక్కవలె నన్నను, గుడిలో కొంతసేపు కూర్చుండవలె నన్నను స్త్రీని వెనుకకు లాగు వ్యాధి. ప్రథమచికిత్స వ్యాయామమే. అమెరికాలో ఆర్నల్డ్ కీగెల్ అను వైద్యుడు 1948 లో ప్రకటించిన కటికండరముల వ్యాయామమును, తెలిసిన ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కనీసము మూడు నెలలైన చేయించి చూడనిదే కత్తి పట్టరాదని నేటి ఇంగ్లండు జాతీయ మార్గదర్శకములు సైతము చెప్పుచున్నవి.

వ్యాయామముచే కుదురనివారికి శస్త్రచికిత్స లేకపోలేదు. 1942 లో ఆల్డ్రిడ్జ్ అను వైద్యుడు రోగి పొత్తికడుపు గోడనుండియే గట్టిపొరను పట్టీగా కోసి తీసి మూత్రమార్గము క్రింద ఊతగా అమర్చెను. 1961 లో జాన్ బర్చ్ అనునతడు యోని పైగోడను కటియెముక వెనుకనున్న బంధనమునకు కుట్టివేయు పద్ధతిని వర్ణించెను. ఇవి రెండును ఫలించినవే, నేటికిని చేయబడుచున్నవే. కాని వానికి ఉదరమును కోయవలెను, కొన్నిదినములు ఆసుపత్రిలో నుండవలెను, చేయు శస్త్రవైద్యునికి చిరకాలశిక్షణము కావలెను. ఇల్లు విడిచి రాలేని స్త్రీకి ఇవి మూడును అడ్డంకులే.

ఇట్టి సమయమున స్వీడను దేశీయుడగు ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్, ఆస్ట్రేలియావాసి పీటర్ పెట్రోస్ అను నిరువురు మూత్రమార్గమునకు మధ్యభాగముననే ఆధారము కావలె నను సిద్ధాంతమును ప్రతిపాదించిరి. దాని ననుసరించి ఉల్మ్‌స్టెన్ 1996 లో పాలీప్రొపిలీన్ దారముతో అల్లిన, సుమారు సెంటీమీటరు వెడల్పుగల వలపట్టీని యోనిలోని చిన్న గాటుద్వారా చొప్పించు పద్ధతిని ప్రకటించెను. అరగంట పని. ఆనాడే ఇంటికి పోవచ్చును. శరీరకణజాలము ఆ వల కన్నులలోనికి పెరిగి పట్టీని తనతో కలుపుకొనును గనుక కుట్లతో సైతము పనిలేదు. శస్త్రచికిత్సల చరిత్రలో ఇంత శీఘ్రముగా లోకమంతట వ్యాపించినవి కొన్నియే యుండును. పట్టీని చొప్పించు సూదులు మూత్రాశయమునకు తగులు ప్రమాదమును తప్పించుటకై 2001 లో ఫ్రాన్సు దేశపు ఎమ్మాన్యుయెల్ డెలోర్మ్ పట్టీకొనలను పొత్తికడుపువైపు గాక, కటియెముకలోని రంధ్రముగుండ తొడమూలమునకు తీసికొనిపోవు మరియొక త్రోవను చూపెను. మన ఊళ్లలో "టీవీటీ" యనియు "టీఓటీ" యనియు వైద్యులు చీటీలపై వ్రాయునవి ఈ రెండు మార్గములే.

ఇచట ఒక్క విషయము చెప్పక ముందునకు సాగలేను. అమెరికాలో అంతకుముందు ప్రొటెజెన్ అను పేర మరియొక పట్టీ యుండెడిది. అది యోనిగోడలను కోసికొని బయటికి వచ్చుచుండుటచే తయారీదారులే 1999 లో దానిని మార్కెట్టునుండి ఉపసంహరించిరి. అంతకు ముందే, 1998 లో, టీవీటీ పట్టీకి ఆ దేశపు నియంత్రణసంస్థ అనుమతి లభించియుండెను. ఆ యనుమతి లభించినది దీర్ఘకాల పరీక్షలచేత గాదు, ముందే వాడుకలోనున్న ప్రొటెజెన్‌కు ఇది సమానమను వాదముచేత. ఆధారముగా చూపిన వస్తువు పనికిరానిదని తేలిన పిమ్మటను, దానిపై నిలిచిన యనుమతి నిలిచియే యుండెను. పట్టీ మంచిదా చెడ్డదా యను ప్రశ్నకంటె, ఇట్టి మార్గమున స్త్రీశరీరములోనికి ఒక వస్తువు శాశ్వతముగా ప్రవేశింపవచ్చునా యను ప్రశ్న నన్నెక్కువ కలవరపెట్టుచున్నది.

పట్టీవలన లాభపడినవారు అసంఖ్యాకులనియు, వారిలో పెక్కురు నేడును సుఖముగా తిరుగుచున్నారనియు చెప్పకుండుట అసత్యమగును. ఇంగ్లండులో 2006 నుండి 2015 వరకు పట్టీ వేయించుకొన్న 95,057 మంది స్త్రీల వైద్యశాలాపత్రములను పరిశీలించి 2018 లో ప్రకటించిన పరిశోధనము ప్రకారము, తొమ్మిదేండ్లలో పట్టీని పూర్తిగానో కొంతగానో తీయింపవలసి వచ్చినవారు నూటికి 3.3, పట్టీని తీయుటకో, మరల మూత్రము జారుటకో, ఏదో యొక కారణమున తిరిగి శస్త్రచికిత్స పొందినవారు నూటికి 6.9. ఇవి స్వల్పసంఖ్యలని కొందరందురు. మరల బల్లయెక్కినవారే ఈ లెక్కలోనికి వచ్చిరనియు, నొప్పితో ఇంటనే యుండిపోయినవారును, కుటుంబవైద్యుని యొద్ద నిద్రమాత్రలు వ్రాయించుకొని సరిపెట్టుకొన్నవారును దీనికి వెలుపలనున్నారనియు వారు గమనింపవలెను. మరియొక పరిశోధనము 2017 లో, అదే దేశమున, 92,246 మందిని లెక్కించి, శస్త్రచికిత్సాకాలమునను, నెలలోపలను, అయిదేండ్లలోపలను ఏదో యొక ఉపద్రవమునకు లోనైనవారు నూటికి 9.8 అని చెప్పినది.

ఉపద్రవము లెట్టివో కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలనన, పేరు తెలియని బాధను వైద్యునికి చెప్పుట కష్టము. పట్టీ బిగువుగా పడినచో మూత్రము రాదు, లేదా సన్నగా, ఆగి ఆగి వచ్చును. కొంత లోపల నిలిచిపోయి మాటిమాటికి మూత్రకోశపు ఇన్ఫెక్షనులు కలుగును. ఇది మొదటివారముననే తెలిసినచో గాటును మరల తెరచి పట్టీని వదులుచేయవచ్చును. ఆలస్యమైనచో దానిని నడుమ కత్తిరింపవలెను. రెండవది, పట్టీ యోనిగోడను ఒరసికొని బయటపడుట. స్త్రీకి ఎడతెగని స్రావము, రక్తపుచుక్కలు. దాంపత్యసమయమున భర్తకు గీసికొనిపోవుట. ఎన్నో యిండ్లలో ఈ సంగతిని మొట్టమొదట తెలిసికొన్నది భర్తయే, కాని దానిని ఏ వైద్యునికి ఎట్లు చెప్పవలెనో ఆ దంపతులకు తెలియక యేండ్లు గడచినవి. మూడవది, అరుదైనను తీవ్రమైనది: పట్టీ మూత్రమార్గములోనికో మూత్రాశయములోనికో చొచ్చుకొనిపోవుట, అచట దానిపై రాళ్లు పేరుకొనును. నాలుగవది నొప్పి. తొడమూలమున, గజ్జలలో, తొడ లోపలివైపున, నడచినప్పుడు, కాళ్లు ఎడము చేసినప్పుడు, కొందరికి కూర్చున్నప్పుడు సైతము కలుగు నొప్పి. మిగిలినవి కంటికో పరికరమునకో కనబడును. నొప్పి కనబడదు. కనబడనందున నమ్మబడలేదు.

ఈ కథ యంతటిలో నాకు దుస్సహమైనది ఈ నమ్మకపోవుటయే. స్కాట్లండులో ఎలేన్ హోమ్స్, ఆలివ్ మెక్‌ఇల్‌రాయ్ అను నిరువురు స్త్రీలు, తమవంటివారిని కూడగట్టుకొని, తమ శాసనసభకు విన్నపము లిచ్చి, నొప్పితో క్రుంగిన శరీరములతో సభామందిరమునకు పోయి పోరాడిన పిదప, 2014 లో ఆ దేశపు ఆరోగ్యమంత్రి ఈ పట్టీల వాడుకను నిలుపుమని కోరెను. ఇంగ్లండులో 2018 జూలైలో, బారొనెస్ జూలియా కంబర్లెజ్ నాయకత్వమున ఏర్పడిన విచారణసంఘము సిఫారసుపై, ఈ శస్త్రచికిత్స తాత్కాలికముగా నిలుపబడినది. ఆ సంఘము 700 మందికి పైగా బాధితులను కలిసి, వారి కథలు విని, 2020 జూలైలో నివేదిక నిచ్చినది. స్త్రీలు నొప్పి యని చెప్పగా అది వయోధర్మమనియు, ముట్లుడుగుటవలననో మనోవ్యాకులతవలననో కల్గినదనియు వైద్యులు కొట్టివేసిరని ఆ నివేదిక నిస్సంకోచముగా చెప్పినది. విద్యావంతులు, నర్సులు, ఉపాధ్యాయినులు, తమ దేశభాషను తప్ప మరియొక భాషను మాటలాడ నక్కరలేనివారు. వారికే ఈ గతి పట్టినది. ఆ దేశములలో పిల్లల యింట నున్న మన తెలుగు తల్లి, కొడుకునో అల్లునినో దుబాసీగా నిలుపుకొని ఈ సంగతి చెప్పవలసి వచ్చినచో ఏమి చెప్పును? ఎంత చెప్పును?

ఇక పునశ్శస్త్రచికిత్స. వెదురుదడిలోనికి అల్లుకొన్న మల్లెతీగను చెడకుండ, నాలుగేండ్ల పిమ్మట ఆ దడిలోని వెదుళ్లను ఒక్కొక్కటిగా లాగుమన్నచో ఎట్లుండునో, కణజాలము పెరిగి కలిసిన పట్టీని తీయుట అట్లుండును. యోనిలోని భాగమును మాత్రము తీయుట ఒక పద్ధతి. పొత్తికడుపులోనికి పోయిన కొనలను ఉదరమార్గమున తీయుట రెండవది. తొడమూలపు కండరముల నడుమ, నరముల చెంత పాతుకొన్న కొనలను గజ్జలో కోసి తీయుట మూడవది, మిక్కిలి కష్టమైనది. అరగంటలో వేసిన పట్టీని తీయుటకు కొన్ని గంటలు పట్టవచ్చును. వేయుట నేర్చిన వైద్యులు వేలకొలది. తీయుట నేర్చినవారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. కావుననే స్కాట్లండు స్త్రీలు కొందరు తమ సొంతద్రవ్యముతో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమునకును, ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమునకును పోయి తీయించుకొనిరి. 2022 లో స్కాట్లండు శాసనసభ, అట్లు వ్యయపడినవారికి ఆ ధనమును తిరిగి యిచ్చుటకే ప్రత్యేకముగా ఒక చట్టమును చేసినది. ఒక ప్రభుత్వము తన వైద్యశాలలలో లభింపని చికిత్సకై పరదేశమునకు పోయిన స్త్రీలకు ఇట్లు ఋణము తీర్చుకొనుట గౌరవింపదగిన పని.

తీయించుకొనుటకు పూర్వము తెలిసికొనవలసినవి కొన్ని కలవు. మొదటిది, లోపల నేమున్నదో. ఏ పేరుగల పట్టీ, ఏ మార్గమున, ఏనాడు వేయబడినదో తెలుపు శస్త్రచికిత్సాపత్రము చేతనుండవలెను. సీటీ స్కానులో ఈ పట్టీ సరిగా కనబడదు. అనుభవజ్ఞులు యోనిముఖమునుండి చేయు అల్ట్రాసౌండులో చక్కగా కనబడును. మూత్రాశయములోనికి చొచ్చినదా యని గొట్టపుదుర్భిణితో, అనగా సిస్టోస్కోపుతో, చూడవలెను. రెండవది, ఎంత తీయబడునో. "పూర్తిగా తీసివేసితిమి" అని చెప్పబడినవారిలో కొందరికి, పిమ్మట పరీక్షింపగా, పట్టీముక్కలు లోపలనే యున్నట్లు తేలినది. తమ వైద్యపత్రములలో వ్రాయబడినదియు తమ శరీరములో నున్నదియు ఒక్కటి కావని స్కాట్లండు స్త్రీలు మొఱపెట్టగా, ఆచార్య ఆలిసన్ బ్రిటన్ అధ్యక్షతన ఆ పత్రములనే పునఃపరిశీలించుటకు ఒక సంఘము నేర్పరుపవలసి వచ్చినది. కావున తీసిన ముక్కలను కొలిచి, చిత్రము తీసి, ఇంత తీయబడినది, ఇంత మిగిలినది అని వ్రాసి రోగి చేతికి ఇమ్మని అడుగుట అవిశ్వాసము గాదు, హక్కు.

మూడవది అన్నిటికంటె ముందుగా చెప్పవలసినదియు, అందరును చివర చెప్పునదియు. పట్టీ తీసినంతమాత్రమున నొప్పి పోవునని హామీ లేదు. కొందరికి పూర్తిగా పోవును, కొందరికి తగ్గును, కొందరికి అట్లే యుండును, ఏ కొందరికో హెచ్చును. ఏ మూత్రము జారుటకై పట్టీ వేయబడినదో ఆ మూత్రము జారుట పెక్కుమందికి తిరిగి వచ్చును. అప్పుడు ఆమె మరల మొదటి కూడలియందే నిలిచియుండును: బర్చ్ పద్ధతియా, తన పొరతోనే చేయు పట్టీయా, మూత్రమార్గపు గోడలో చిక్కని మందును సూదితో నింపుటయా, లేక గుడ్డపట్టీలతోనే సరిపెట్టుకొనుటయా. తీసిననాడే రెండవ ఆధారమును కట్టుమని కొందరు కోరుదురు. మొదట గాయమును మాననిచ్చి, కొన్ని నెలలు కనిపెట్టి, మూత్రము ఎంత జారుచున్నదో కొలిచి, అటుపిమ్మట నిర్ణయించుట మేలని నా యభిప్రాయము. నొప్పి యే భాగమునకు చెందినదో తేలకముందు మరియొక కుట్టు వేసినచో, తరువాతి నొప్పికి కారణము ఏదో చెప్పజాలము.

న్యాయస్థానముల సంగతి సంక్షేపముగా చెప్పుదును. ఆస్ట్రేలియాలో 2019 నవంబరులో న్యాయమూర్తి ఆనా కాట్జ్‌మన్, తయారీసంస్థ ప్రమాదములను తగినట్లు హెచ్చరింపలేదని, అది అశ్రద్ధయే యని తీర్పు చెప్పెను. పై న్యాయస్థానమునను ఆ తీర్పే నిలిచినది. అమెరికాలో వ్యాజ్యములు లక్షకు మించినవి. అచటి నియంత్రణసంస్థ గర్భాశయాదులు జారుటకు యోనిమార్గమున వేయు పెద్ద వలలను 2019 ఏప్రిలులో అమ్మకమునుండి తొలగించినది. మూత్రము జారుటకు వేయు పట్టీని మాత్రము తొలగింపలేదు. ఈ రెంటికిగల భేదమును గమనింపక "వల" యన్నమాట వినగానే భయపడి, సుఖముగానున్న పట్టీని తీయించుకొనుటకు పరుగెత్తుట తగదు. బాధ లేనిచో తీయించుకొనవలసిన పనిలేదు.

మన దేశమున ఈ పట్టీలు రెండు దశాబ్దములకు పైగా వాడుకలో నున్నవి. వైద్యోపకరణములవలని హానులను నమోదు చేయుటకై 2015 జూలైలో ఘాజియాబాదునందలి ఔషధకోశసంస్థ ఆధ్వర్యమున మెటీరియోవిజిలెన్సు కార్యక్రమము ప్రారంభమైనది. వైద్యుడే కాదు, నర్సును, రోగియు సైతము దానికి తెలుపవచ్చును. కాని చెప్పుటకు పట్టీ పేరైనను తెలియవలెను గదా! పట్టీపెట్టెలో దాని పేరు, తయారీసంఖ్య ముద్రించిన అంటుచీటీ యుండును. దానిని ఆసుపత్రి పుస్తకములో నొకటి, రోగి కాగితములలో నొకటి అంటించుటకు నిమిషము పట్టదు. ఆ నిమిషమును మనము ఇయ్యకపోవుటచేత, పదియేండ్ల తరువాత "అప్పుడేదో చిన్న ఆపరేషను చేశారు, కాగితాలు వరదలో పోయాయి" అని చెప్పు తల్లి శరీరములో, ఎటువైపున, ఏ వస్తువు దాగియున్నదో వెదకుటకు రెండు గంటలు వ్యయపరచుచున్నాము. ఆపరేషనుకు ముందు సంతకము పెట్టించుకొను కాగితము ఇంగ్లీషులో నుండుటయు నాకు సమ్మతము గాదు. "ఇది శాశ్వతముగా లోపలనుండునది, అవసరము వచ్చినను పూర్తిగా తీయుట సాధ్యపడకపోవచ్చును" అను రెండు వాక్యములు తెలుగులో, పెద్ద అక్షరములలో ఉండవలెను, ఆమె చదువలేనిచో చదివి వినిపింపవలెను.

తుదకు, ఎంత చేసినను బాధ తీరనివారి మాట. ఒకసారి వదులుచేయించుకొని, మరియొకసారి కత్తిరింపించుకొని, మూడవసారి గజ్జలో కోయుదుమన్నప్పుడు "ఇక వలదు" అని చెప్పు స్త్రీని నేనెరుగుదును. అట్టివారిని మీలో పెక్కురెరుగుదురు. ఆ నిర్ణయమును పిరికితనముగా భావించుట అన్యాయము. ఆమెకు చేయదగినది చాల యున్నది. యోనిలో బయటపడినది స్వల్పభాగమే యైనచో ఈస్ట్రోజెన్ లేపనముతో కొన్నిమాసములు చూడవచ్చును. మూత్రము పూర్తిగా పోనివారికి 1972 లో జాక్ లాపిడెస్ అను అమెరికా వైద్యుడు ప్రకటించిన పద్ధతి కలదు: సబ్బుతో చేతులు కడుగుకొని, శుభ్రమైన సన్నని గొట్టముతో తానే మూత్రమును తీసికొనుట. మొదటివారము భయము, రెండవవారము విసుగు, నేర్చినపిదప మునుపటివలె ఊరికి పోగల స్వేచ్ఛ. నొప్పిగలవారి కటికండరములు బిగిసియుండును గనుక వారికి కీగెల్ వ్యాయామము గాక, కండరములను సడలించుట నేర్పు ఫిజియోథెరపిస్టు కావలెను; నరముల నొప్పికి మందు లిచ్చు నిపుణుడు కావలెను; దాంపత్యమునుగూర్చి భార్యాభర్తల నిరువురను కూర్చుండబెట్టి సిగ్గుపడక మాటలాడగల వారొకరు కావలెను. శస్త్రచికిత్స వలదన్నంతమాత్రమున ఆమె మన రోగుల జాబితానుండి తొలగిపోరాదు. ఆరుమాసముల కొకసారి ఏ దినమున, ఏ గదికి, ఎవరియొద్దకు రావలెనో చీటీపై వ్రాసి ఆమె చేతికిచ్చి పంపవలెను. ఆ దినమున మనమచట నుండవలెను.